చెయ్యి పట్టి లాగకండి: పెద్దల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు. ఏడాదిగా కుర్చీలోంచి సొంతంగా లేవలేకపోతున్నారు. చెయ్యి పట్టి లాగితేనే లేస్తారు. ఈమధ్య ఆయన భుజం నొప్పి అంటున్నారు, నాకు నడుం పట్టేస్తోంది. వయసు మీద పడితే ఇంతేనా?

జవాబు: ముందు లాగడం ఆపండి. భుజం కీలును పట్టి ఉంచే టెండాన్లు (కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళలాంటివి) ఆ వయసుకి చాలామందిలో అరిగి పల్చబడి ఉంటాయి. ఒంటి బరువంతా ఒక చేతి మీద పడితే అవి చిరగవచ్చు. చంకల కింద చేతులు వేసి ఎత్తినా అదే ముప్పు. పైగా మీరు ఎదురుగా నిలబడి లాగుతుంటే, ముందుకి పడిపోతానేమోనన్న భయంతో ఆయన ఒళ్ళు వెనక్కి బిగుస్తుంది, బరువు పిరుదుల మీదే ఉండిపోతుంది. లేవాలంటే ఆ బరువు పాదాల మీదికి రావాలి. అందుకే మీరు ఎంత బలంగా లాగితే ఆయన అంత బరువు అనిపిస్తారు.

పిరుదులను ఒక్కో వైపూ జరుపుకుంటూ కుర్చీ అంచుదాకా రమ్మనండి. పాదాలు కాస్త ఎడంగా, నేలకి పూర్తిగా ఆని, మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి ఉండాలి. చాలామంది పాదాలు ముందుకి చాపి లేవబోతారు, అక్కడే పని చెడుతుంది. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఉంచి, ముక్కు కాలివేళ్ళకి సూటిగా వచ్చేదాకా ముందుకి వంగి, అప్పుడు చేతులతో కిందికి నొక్కుతూ లేవాలి. మీరు ఆయన బలహీనమైన కాలి వైపు, పక్కనే నిలబడండి. ఒక చెయ్యి నడుం వెనక ఆనించండి, రెండోది భుజం ముందు సిద్ధంగా ఉంచండి. "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి, ఆ తర్వాత రెండు మూడు క్షణాలు ఆగండి. కండరం పూర్తిగా బిగియడానికి ఆ వయసులో కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఓపిక పట్టలేక ఇంట్లోవాళ్ళు లాగేసేది సరిగ్గా ఆ క్షణాల్లోనే.

కుర్చీ కూడా చూడండి. కూర్చున్నప్పుడు తుంటి మోకాళ్ళకన్నా కాస్త ఎత్తులో ఉండాలి. చాలామందికి సీటు నేల నుంచి 45–50 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. కూర్చుంటే దిగబడిపోయే సోఫా, కాళ్ళకి చక్రాలుండి జారే కుర్చీ, చేతులు లేని కుర్చీ, మూడూ వద్దు. ఎత్తు కోసం దిండ్లు పేర్చకండి, జారతాయి. కుర్చీ కాళ్ళ కింద గట్టి దిమ్మలు బిగించడం మేలు.

ఇక బలం మాట. 30 దాటాక కండ పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తుంది, 60 తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుంది. దీన్ని పూర్తిగా ఆపలేం. కానీ వాడకపోవడం వల్ల తరిగిన కండను మాత్రం ఏ వయసులోనైనా తిరిగి కొంత సంపాదించుకోవచ్చు. కుర్చీని గోడకి ఆనించి, రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు మార్లు లేచి కూర్చోమనండి. నెమ్మదిగా పదికి పెంచండి. కూర్చునేటప్పుడు ధబీమని పడిపోకుండా మెల్లగా దిగడం ముఖ్యం, తొడకి అసలు పని అక్కడే పడుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి. ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి అది 60–72 గ్రాములు. ఒకేపూట కాకుండా మూడు పూటలకీ పంచండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

ఏడాదిగా మెల్లగా వచ్చిన బలహీనత అయినా ఒకసారి పరీక్ష చేయించండి. థైరాయిడ్, విటమిన్ డి లోపం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), కొన్ని కొలెస్టరాల్ మందులు కూడా ఇలా చేస్తాయి. "వయసు" అనేది ఇవన్నీ చూశాక చెప్పాల్సిన మాట. ఒకవేళ ఒక్కసారిగా ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోయినా, కాళ్ళ బలం తగ్గుతూ మూత్రం మీద అదుపు తప్పినా, అది ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిన పరిస్థితి.

ప్రశ్న: మా అత్తగారికి 81. రాత్రి నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తారు. మంచం దిగగానే తూలుతున్నారు. సాయంత్రం నుంచి నీళ్ళు మానేశారు, అయినా తగ్గలేదు.

జవాబు: నీళ్ళు పూర్తిగా మానడం వల్ల తూలడం ఎక్కువవుతుంది. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, అది మళ్ళీ మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఈ వయసులో దాహం తెలియడమే తగ్గుతుంది కాబట్టి అడిగేదాకా ఆగకుండా మీరే ఇవ్వాలి. గుండె, కిడ్నీ సమస్యలకి డాక్టర్ హద్దు పెట్టి ఉండకపోతే రోజుకి సుమారు లీటరున్నర ద్రవాలు, అందులో ఎక్కువ భాగం సాయంత్రంలోగా. పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి.

సాయంత్రానికి ఆవిడ చీలమండలు వాస్తున్నాయేమో చూడండి. వేలితో కొన్ని సెకన్లు నొక్కితే గుంట మిగులుతుందా? పగలంతా కాళ్ళలో చేరిన నీరు, పడుకున్నాక రక్తంలోకి తిరిగి వచ్చి మూత్రంగా దిగుతుంది. సాయంత్రం నీళ్ళు మానినా రాత్రి లేవడం తగ్గకపోవడానికి ఇది కారణం కావచ్చు. అలా ఉంటే మధ్యాహ్నం ఓ గంట కాళ్ళు గుండె ఎత్తులో పెట్టుకుని పడుకోవడం ఉపయోగపడుతుంది. కొత్తగా వచ్చిన వాపు, ఆయాసంతో కూడిన వాపు డాక్టర్ చూడాలి. నీరు తీసే మాత్ర వేసుకుంటుంటే దాని వేళ మార్చవచ్చేమో అడగండి.

తూలడానికి బీపీ కొలవండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి. కొలిచేటప్పుడు ఇంకొకరు పక్కన ఉండాలి. నిలబడ్డాక పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ తగ్గితే ఆ అంకెలు రాసి డాక్టర్‌కి చూపండి. వేసుకునే మందులన్నీ ఒక సంచీలో పట్టుకెళ్ళండి, నిద్రమాత్రలు, జలుబు మాత్రలతో సహా. పెద్దవాళ్ళు పడిపోవడానికి అవి కూడా తరచుగా కారణమవుతాయి. మీరై మీరు ఏదీ ఆపకండి.

ఈలోగా లేచే తీరు మార్చండి. పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి వేసి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి. పాదాలు పైకీ కిందికీ పదిహేనుసార్లు ఆడిస్తే కాళ్ళలో నిలిచిన రక్తం పైకి కదులుతుంది. తర్వాత పట్టు దొరికే చోట నిలబడి, పది లెక్కపెట్టి, అప్పుడు అడుగు వెయ్యాలి. దారంతా నేలకి దగ్గరగా చిన్న దీపాలు పెట్టండి. 60 ఏళ్ళ కంటికి 20 ఏళ్ళ కంటికన్నా దాదాపు మూడింతల వెలుతురు కావాలి. అయితే ఒక్కసారిగా పెద్ద లైటు వేస్తే కళ్ళు చెదురుతాయి. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టడానికి మొహమాటపడకండి. మూత్రంలో మంట వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రశ్న: మామూలుగా మాట్లాడితే అమ్మకి వినపడదు. గట్టిగా మాట్లాడితే "అరుస్తావెందుకే" అని బాధపడుతుంది.

జవాబు: ఆవిడ బాధలో న్యాయం ఉంది. వయసుతో ముందు పోయేది సన్నటి ధ్వనులు. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు అందవు. "పాలు", "కాలు" ఒకేలా వినబడతాయి. అరిస్తే అచ్చులే ఇంకా మోగుతాయి, మాట తేలదు. పైగా దెబ్బతిన్న చెవికి వినబడని ధ్వనికీ భరించలేని ధ్వనికీ మధ్య ఎడం తగ్గిపోతుంది. టీవీ ఆపి, మీటరు దూరంలో, మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుని, పిలిచి, చూశాక మాట్లాడండి. అర్థం కాకపోతే అదే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పండి. గులిమి అడ్డుపడిందేమో చూపించండి, పుల్లలు పెట్టి తీయకండి. హియరింగ్ ఎయిడ్ ఇస్తే మొదట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకి గంటా రెండు గంటలు పెట్టి, అలవాటుపడే కొద్దీ పెంచండి. మెదడు కొత్త ధ్వనులకి అలవాటు పడటానికి వారాలు పడుతుంది.

ప్రశ్న: మంచంలో ఉన్న అమ్మమ్మకి నడుం కింద ఎముక దగ్గర ఎర్రగా అయింది. రోజూ పౌడర్ చల్లి మర్దన చేస్తున్నాం.

జవాబు: మర్దన ఈరోజే ఆపండి. అక్కడ ఒత్తిడికి రక్తం అందక లోపలి కణజాలం దెబ్బతింటోంది, రుద్దితే ఇంకా నలుగుతుంది. వేలితో నొక్కి వదలండి. నొక్కినా ఎరుపు పోకుండా అలాగే నిలిచి ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే. చామనఛాయ, నల్లని చర్మం మీద ఎరుపు తెలియదు. చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా ఉందేమో చేత్తో చూడాలి.

రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా పక్కకి తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చూడండి. పైకి జరపాలంటే ఇద్దరు దుప్పటి అంచులు పట్టుకుని ఎత్తి జరపండి, ఈడిస్తే చర్మం చిరుగుతుంది. గుండ్రటి గాలి ట్యూబు కుషన్ వాడకండి, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. పౌడర్ తడికి ఉండకడుతుంది, బదులు తడిని ఆపే క్రీమ్ పల్చగా రాయండి. చర్మం చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం ఉన్నా ఇంటి వైద్యం వద్దు.

ప్రశ్న: కుడి మోకాలు నొప్పి. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

జవాబు: ఎడమ చేత్తో. కర్రా, నొప్పి ఉన్న కాలూ ఒకేసారి ముందుకి పడాలి. చెప్పులు వేసుకుని నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే, పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రా నొప్పి ఉన్న కాలూ. అడుగున రబ్బరు తొడుగు గీతలు అరిగిపోతే వెంటనే మార్చండి.