మేకుల డబ్బాలో గాజులు

ప్రశ్న: మేమిద్దరమే ఉంటాం. నెల రోజులు అబ్బాయి దగ్గరికి బెంగళూరు వెళ్తున్నాం. గాజులు, ముత్యాల హారం, వెండి కుంకుమభరిణె ఇంట్లోనే ఉన్నాయి. నగలు దాచుకోవడానికి డొల్ల పుస్తకం, ఉత్తుత్తి స్విచ్‌బోర్డు అమ్ముతున్నారు. కొనమంటారా?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: పుస్తకం వద్దండి. పంచాంగం తప్ప మరో పుస్తకం లేని ఇంట్లో లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒక్కటే నిలబడితే దొంగకే కాదు, పాలబ్బాయికీ అనుమానం వస్తుంది. స్విచ్‌బోర్డు కాస్త నయం. కానీ గోడ తొలవాలంటే ఎలక్ట్రీషియన్ కావాలి, రహస్యం అతనికీ తెలుస్తుంది. మనవలు వచ్చిపోయే ఇల్లయితే అసలే వద్దు. ఉత్తుత్తి దానిలో వేలు పెట్టిన పిల్లవాడు నిజమైన దానిలోనూ పెడతాడు.

బియ్యం డ్రమ్ము, పోపుల డబ్బా, పట్టుచీర మడత అమ్మమ్మల కాలం నుంచీ అందరికీ తెలిసినవే. నా ఓటు తుప్పు మేకుల డబ్బాకు. అడుగున గుడ్డలో చుట్టిన గాజులు, పైన అట్టముక్క, ఆపైన మేకులు. మీవారికి మాత్రం తప్పక చెప్పండి, లేకపోతే పాత ఇనుము కొనేవాడికి ఆయనే తూచి ఇచ్చేస్తారు!

వెండి భరిణెను ఇంగువ దగ్గర ఉంచకండి, దానిలోని గంధకానికి నల్లబడుతుంది. ముత్యాలకు మెత్తటి గుడ్డ చాలు.

ఇవన్నీ రెండు మూడు రోజుల ప్రయాణాలకు. నెల రోజులకైతే లాకరే మేలు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు 100 రెట్లు. అద్దె 2,000 అయితే 2 లక్షలన్నమాట. బయల్దేరే ముందు ప్రతి నగకూ ఫొటో తీసి, బిల్లులతో సహా అబ్బాయికి పంపండి.