మిలాన్ నుంచి ఒక్క రోజుకి టురిన్ వెళ్తే ఏ ప్యాలెస్ చూడాలి?

మిలాన్‌లో ఉంటున్నాం, ఒక్క రోజే ఖాళీ, టురిన్ ఊరి బయటున్న వెనారియా ప్యాలెస్ తప్పకుండా చూడాలా అని అడిగారు కదా. నేను టురిన్‌లో చదువుకున్నాను, మనవాళ్ళు ఎవరొచ్చినా ఊరు తిప్పే డ్యూటీ నాదే, ఆ అనుభవంతో చెప్తున్నా: ఒక్క రోజే అయితే వెనారియా వదిలేయండి, ఊళ్ళోనే ఉండండి.

ఈ ప్రాంతాన్ని ఏలిన సవోయ్ రాజవంశం వాళ్ళు 1563లో రాజధానిని ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న శాంబెరీ నుంచి ఇక్కడికి మార్చారు. ఆ తర్వాత ఊళ్ళోనూ చుట్టుపక్కలా భవనాలూ వేట విడిదులూ కట్టుకుంటూనే పోయారు, 1997లో యునెస్కో జాబితాకెక్కినవే 22. అన్నీ చుట్టేద్దామంటే కాళ్ళనొప్పులే మిగుల్తాయి.

పోర్తా నువోవా స్టేషన్‌లో దిగి వియా రోమా వెంబడి తిన్నగా నడిస్తే పియాత్సా కాస్తెల్లో అనే పెద్ద చౌకు వస్తుంది, దారంతా వరండాలే కాబట్టి వాన పడినా ఇబ్బంది లేదు. అక్కడ రాయల్ ప్యాలెస్ బయటి నుంచి పాత కలెక్టరాఫీసులా ఉంటుంది, చూసిన ప్రతివాళ్ళూ "ఇదేనా?" అంటారు, లోపలికెళ్ళాక మాత్రం ఆ బంగారు పూతకి మాట రాదు. అదే టికెట్‌మీద ఆయుధశాల, ఆర్కిటెక్ట్ గ్వారీని కట్టిన ష్రౌడ్ చాపెల్ కూడా చూడొచ్చు. ఈ చాపెల్ 1997లో కాలిపోయింది, బాగుచేసి మళ్ళీ తెరిచేసరికి 2018 అయింది, నల్లరాతి గోడల మధ్య నిలబడి తలెత్తి ఆ గోపురం చూడటానికైనా వెళ్ళాలి. (ష్రౌడ్, అంటే క్రీస్తు దేహానికి చుట్టారని భక్తులు నమ్మే వస్త్రం, ఇప్పుడు అందులో లేదు, పక్కనే కెథడ్రల్‌లో పెట్టెలో భద్రంగా ఉంది, మామూలు రోజుల్లో చూపించరు.)

చౌకు మధ్యలో ఉన్న పలాత్సో మదామా చుట్టూ ఒకసారి తిరగండి. ముందు ఆర్కిటెక్ట్ యువార్రా కట్టిన తెల్లటి ముఖభాగం, వెనక మధ్యయుగపు ఇటుక బురుజులు, లోపల రోమన్ల కాలపు కోటద్వారం, అన్నీ ఒకే భవనంలో. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే పలాత్సో కరిన్యానో. ఇటలీ తొలి రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1820లో పుట్టింది అందులోనే, 1861లో ఇటలీ రాజ్యాన్ని ప్రకటించిందీ అక్కడే. పాపం ఊరికి ఇటలీ రాజధాని హోదా నాలుగేళ్ళే, 1865లో ఫ్లోరెన్స్‌కి ఎత్తుకెళ్ళిపోయారు.

రెండో రోజు దొరికితేనే ఊరి బయటివి. వెనారియా తోటలూ పెద్ద గ్యాలరీ బాగుంటాయి, కాదనను, కానీ నెపోలియన్ కాలం తర్వాత దాన్ని చాలాకాలం సైనిక బ్యారక్స్‌గా వాడారు, 2007లో కొత్తగా తెరిచారు, నా కంటికైతే చాలా గదులు బోసిగా అనిపించాయి. నన్నడిగితే స్తూపినీజీ. 1729లో యువార్రా మొదలుపెట్టిన వేట విడిది, నెత్తిన కంచు దుప్పి ఉంటుంది, లోపల పాత ఫర్నిచర్, గోడల మీద బొమ్మలు ఇంకా ఉన్నాయి, జనం కూడా తక్కువ. బస్సు కోసం ఓపిగ్గా నిలబడాలంతే.

టికెట్ తీసుకునే ముందు సెలవు రోజులు చూసుకోండి, ఒక్కో మ్యూజియం ఒక్కో రోజు మూసేస్తారు.