ఒక కప్పు పులుపు, ఒక కప్పు చేదు

ప్రశ్న: మా ఇంట్లో ఒకే బాయిలర్ ఉన్న చిన్న ఎస్ప్రెస్సో యంత్రం ఉంది. రోజూ అవే గింజలు, 18 గ్రాముల పొడి. 28 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగుతుంది. అయినా ఒక కప్పు నాలుక జివ్వుమనేంత పుల్లగా, తరువాతిది కషాయంలా ఉంటోంది. నీటి వేడిని నిలకడగా ఉంచే పిఐడి కంట్రోలర్ పెట్టిస్తే బాగుపడుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: తూకం, సమయం రాసి పంపారు, నా పని సగం తగ్గింది. ఆ రెండూ నిలకడగా ఉన్నప్పుడు ముందుగా అనుమానించవలసింది నీటి వేడినే.

పొడిని తాకే నీరు సుమారు 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మీలాంటి యంత్రాలలో సాధారణంగా ఆ బాధ్యత బొత్తామంత థర్మోస్టాట్‌ది. రెండు లోహాలు అతికించిన బిళ్ల అది. వేడెక్కితే వంగి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. ఆపే వేడికీ కలిపే వేడికీ మధ్య పది డిగ్రీల పైన తేడా ఉండవచ్చు. పైగా కరెంటు ఆగాక కూడా హీటరు కాసేపు నీటిని కాచుతూనే ఉంటుంది. మీరు ఏ క్షణంలో మీట నొక్కారో దాన్నిబట్టి మీ కప్పు రుచి. హీటరు పనిచేస్తున్నంతసేపు వెలిగే దీపం ఆరిన కాసేపటికే నొక్కితే నీరు మరీ వేడిగా ఉండి చేదు, మళ్లీ వెలగబోయే ముందు నొక్కితే చల్లబడి పులుపు.

కనుక దీపాన్నే గడియారం చేసుకోండి. అది వెలిగేదాకా ఖాళీ కప్పులోకి నీళ్లు వదలండి. వెలిగాక ఆపండి. ఆరిన క్షణం నుంచి నలభై అయిదు లెక్కపెట్టి కాఫీ తీయండి. పుల్లగా ఉంటే రేపు ముప్పై, చేదుగా ఉంటే అరవై. నలభై అయిదు నా యంత్రానికి కుదిరిన అంకె, మీదానికి వేరే కుదరవచ్చు. ఏ అంకె అయినా రోజూ అదే ఉండాలి. (కొన్ని యంత్రాలలో దీపం తీరు తిరగబడి ఉంటుంది, వెంట వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి.)

నేను కూడా మొదట్లో గ్రైండరు మీద నెపం వేసి నెలరోజులు దాన్ని తిట్టాను. తీరా చూస్తే తప్పు నాదే. పోర్టాఫిల్టర్‌ను (కాఫీ పొడి నింపి యంత్రానికి బిగించే పిడి ఉన్న గిన్నె) కడిగి గట్టు మీద ఆరబెట్టి, చివరి నిమిషంలో బిగించేవాణ్ణి. అంత చల్లటి లోహపు ముద్ద నీటి వేడిని దారిలోనే తాగేస్తుంది. దీపం కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది గానీ ఆ లోహం కాగడానికి అరగంట దాకా పట్టవచ్చు. స్విచ్ వేసేటప్పుడే దాన్ని బిగించి వదిలేయండి.

ఈ లెక్కలు విసుగనిపిస్తే అప్పుడు పిఐడి. కావలసిన వేడికి ఎంత దూరంలో ఉన్నాం, ఎంతసేపుగా ఉన్నాం, ఎంత వేగంగా చేరుతున్నాం అని చూసి హీటరుకు కరెంటు కొలిచి ఇస్తుంది. ఊగిసలాట బాగా తగ్గుతుంది. కానీ అది కొలిచేది సాధారణంగా బాయిలర్ వేడిని, పొడి దగ్గరి వేడిని కాదు. ఆ తేడాను ముందే లెక్కలోకి తీసుకుని చూపించే యంత్రాలూ ఉన్నాయి. చల్లటి పోర్టాఫిల్టర్‌కు మాత్రం దాని దగ్గర మందు లేదు. బిగించే పని తెలిసినవారికే ఇవ్వండి, లోపల ఉన్నది ఇంటి కరెంటు.

ప్రశ్న: హీట్ ఎక్స్ఛేంజర్ యంత్రం కొన్నాను. కాసేపు వాడకుండా ఉంచి మీట ఎత్తితే నీరు బుసకొడుతూ చిందుతోంది. పాడైందా? – మరొక పాఠకుడు

జవాబు: పాడైనట్టు లేదు. కాఫీ నీటి గొట్టం ఆవిరి బాయిలర్ గుండా పోతుంది. అందులో నిలిచిన నీరు అతిగా కాగుతుంది. మీ యంత్రానిది 1961లో ఇటలీ కంపెనీ ఫేమా తెచ్చిన ఇ61 తరహా తల (పోర్టాఫిల్టర్ బిగించే భాగం) అయితే, ఆ వేడినీరే తలలో తిరుగుతూ దాన్నీ కాచిపెడుతుంది. బుస ఆగేదాకా నీళ్లు వదిలి, ఇంకో రెండు మూడు సెకన్లు ఆగి మీట దించండి. వదిలిన నీళ్లు పారబోయకండి, కప్పులు వేడిచేసుకోవచ్చు.