పియొనీ లాంతరు వెంట: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటిసారి టీ తాగుతూ మామూలు పాఠకుడిలా చదివాను, రెండోసారి ఎర్ర సిరా పెన్ను పట్టుకొని చదివాను. జపాన్ అనిమేల్లో, అంటే అక్కడి యానిమేషన్ కథల్లో, కనిపించే చైనా చరిత్ర గురించి సగం, రాబోయే హారర్ సినిమాల కోసం నీ ఎదురుచూపు గురించి సగం రాశావు. ఈ రెండూ ఒకే వ్యాసంలో ఎందుకున్నాయో నీకే తెలియదేమోనన్న అనుమానం కలిగింది. మూడో పేజీలో "ఇక హారర్ విషయానికి వస్తే" అంటూ ఒక్క దూకు దూకావు చూడు, అక్కడ ఆ అనుమానం బలపడింది. నిజానికి అవి రెండూ ఒకచోట ఉండదగినవే. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట మీద నీతో తగాదా పెట్టుకోవాలి. ఆరు పేజీల్లో "ప్రభావం" అనే మాటను పద్నాలుగు సార్లు వాడావు, లెక్కపెట్టాను. డ్రాగన్ బాల్ మీద చైనా ప్రభావం ఉంది, కింగ్‌డమ్ మీద బలంగా ఉంది, ఫలానా దాని మీద కొంత ఉంది అని రాసుకుంటూ పోయావు. వానకు గోడ నానినట్టు, కథకుడి ప్రమేయం లేకుండా జరిగిపోయే సంగతా అది? ఎవరో ఒకరు కూర్చుని, పాత పుస్తకం తెరిచి, ఇది తీసుకుంటాను, ఇది వదిలేస్తాను, ఇది మావాళ్లకు తెలిసేట్టు మారుస్తాను అని నిర్ణయించుకుంటేనే ఒక దేశం కథ ఇంకో దేశం కథ అవుతుంది. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా పట్టుకోవడమే నీ పని. "ప్రభావం" అనే మాట వాడినప్పుడల్లా ఆ పనిని నువ్వు ఎగ్గొట్టావనే నా ఫిర్యాదు.

ఒక కథను దగ్గరగా చూద్దాం. చైనాలో మింగ్ వంశం తొలినాళ్లలో చూ యూ అనే రచయిత 1378లో ఒక కథల సంపుటి కూర్చాడు. అందులో పియొనీ లాంతరు కథ ఒకటి. భార్య పోయిన యువకుడు చైనా కొత్త సంవత్సరపు లాంతర్ల పండుగ రాత్రి వాకిట్లో నిలబడి ఉండగా, జంట పియొనీ పూల లాంతరు పట్టుకున్న చిన్న దాసి ముందు నడుస్తుంటే వెనక ఒక అందగత్తె వస్తుంది. ఆ రాత్రి నుంచి రోజూ అతని ఇంటికి వస్తుంది. పక్కింటి ముసలాయన అనుమానంతో గోడ సందులోంచి చూస్తే, దీపం వెలుగులో ఆ యువకుడి పక్కన పౌడరు పూసుకున్న ఎముకల గూడు కూర్చుని ఉంటుంది. తరువాత అతను గుడిలో ఆమె శవపేటికను, దాని ముందు వేలాడుతున్న అదే లాంతరును చూస్తాడు. తావో మతపు పూజారి ఇచ్చిన మంత్రపు కాగితాలు అతన్ని కొన్నాళ్లు కాపాడతాయి గాని, ఒకరోజు తాగిన మైకంలో గుడి దారినే వచ్చి, పేటికలోకి లాగబడతాడు. చివర ఒక తావో గురువు ఆ దెయ్యాలను బంధించి, అచ్చం న్యాయస్థానంలో లాగా విచారించి శిక్ష వేస్తాడు.

1666లో అసాయి ర్యోయి అనే రచయిత ఈ కథను జపాన్‌కు తెచ్చుకున్నాడు. ఏం మార్చాడో చూడు. ఊరు క్యోటో అయింది. లాంతర్ల పండుగ పోయి, పితృదేవతలు ఇళ్లకు వచ్చే ఒబోన్ రోజులు వచ్చాయి. మహాలయ పక్షం తెలిసిన మన పాఠకుడికి ఈ మార్పు ఎందుకో నువ్వు రెండు మాటల్లో చెప్పగలవు: చైనా పండుగలో లాంతరు సంబరానికి గుర్తు, ఒబోన్‌లో లాంతరు చనిపోయినవాళ్లకు దారి చూపే దీపం, కాబట్టి జపాన్ పాఠకుడికి ఆ దీపం కనబడగానే ఒళ్లు జలదరిస్తుంది. చివరి న్యాయవిచారణ కూడా పోయింది, దాని స్థానంలో బౌద్ధ సూత్రాల పారాయణం వచ్చింది. రెండు వందల ఏళ్ల తరువాత సన్‌యూతెయ్ ఎన్చో అనే కథకుడు దీన్నే వేదిక మీద చెప్పాడు. 1884లో సంక్షిప్తలిపిలో రాసుకొని అచ్చువేశారు. ఎన్చో చేసిన మార్పులు రెండు చెబుతాను. మొదటిది, దెయ్యం వచ్చేముందు "కరన్ కొరన్" అని చెక్క చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. రెండోది నాకు మరీ ఇష్టం: తలుపుకు అంటించిన మంత్రపు కాగితాన్ని పొరుగువాడు దెయ్యం దగ్గర నూరు బంగారు నాణేలు పుచ్చుకొని పీకేస్తాడు. చైనా కథలో కుర్రవాడి బలహీనత అతన్ని చంపింది, ఎన్చో కథలో పొరుగింటివాడి డబ్బాశ చంపింది. భయం పేటికలోంచి లేచి పక్కింట్లో కాపురం పెట్టింది.

ఇప్పుడు నువ్వు రాసిన వాక్యం చదువు: "జపాన్ దెయ్యం కథల మీద చైనా ప్రభావం ఉంది." నేను పైన చెప్పినదాంట్లో ఒక్క ముక్కయినా ఈ వాక్యంలో ఉందా?

నీ వ్యాసపు రెండు సగాలనూ కలిపే కుట్టు కూడా ఇక్కడే ఉంది. చైనాలో ఇంకో పాత కథ తెల్లపాముది. పాము ఆడరూపం ధరించి మనిషిని ప్రేమించే కథ. ఫెంగ్ మెంగ్‌లాంగ్ 1624లో అచ్చువేసిన రూపంలో ఆమెను హాంగ్‌ఝౌలోని లెయ్‌ఫెంగ్ గోపురం కింద బంధిస్తారు. జపాన్ రచయిత ఉయెదా అకినారి 1776లో తన కథల సంపుటిలో దాన్ని జపాన్ గడ్డ మీదికి తెచ్చి నిజంగా భయపెట్టే కథగా మలిచాడు. ఆ సంపుటి ఆధారంగానే దర్శకుడు మిజోగుచి 1953లో సినిమా తీసి వెనిస్ చిత్రోత్సవంలో రజత సింహం బహుమతి గెలిచాడు. మరి అయిదేళ్లకే, 1958లో, తోయెయ్ సంస్థ అదే తెల్లపామును తీసుకొని జపాన్ మొట్టమొదటి రంగుల పూర్తినిడివి యానిమేషన్ చిత్రం తీసింది. అందులో ఆమె భయపెట్టదు, ప్రేమికులు చివరికి కలుస్తారు. అంటే ఒకే పాము ఒక దారిలో హారర్ వైపు, ఇంకో దారిలో అనిమే వైపు వెళ్లింది. నువ్వు మూడో పేజీలో దూకనక్కర్లేదు, పాము వెంట నడిస్తే చాలు.

కింగ్‌డమ్ గురించి నువ్వు రాసిన పేరాలో యుద్ధాల పట్టిక ఉంది, మనుషులు లేరు. హరా యసుహిసా 2006లో మొదలుపెట్టిన ఆ మాంగా (బొమ్మల కథ), 2012 నుంచి వచ్చిన అనిమే, రెండింటికీ ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా ఛియెన్ రాసిన చరిత్రే ఆధారం. ఆ చరిత్రలో, మాంగాకు నాయకుడైన లీ షిన్ అనే ఛిన్ రాజ్యపు సేనాని గురించి ఉన్నది బహు కొద్ది. చూ రాజ్యాన్ని గెలవడానికి ఎంత సైన్యం కావాలని ఛిన్ రాజు అడిగితే, లీ షిన్ రెండు లక్షలు చాలన్నాడు, వాంగ్ జియెన్ అనే పెద్ద సేనాని ఆరు లక్షలకు తక్కువైతే కుదరదన్నాడు. రాజు వాంగ్ జియెన్‌ను ముసలివాడయ్యాడని తీసిపారేశాడు. లీ షిన్ ఓడివచ్చాక రాజు తానే ఆ ముసలాయన దగ్గరికి వెళ్లి బతిమాలుకున్నాడు. బయలుదేరుతూ వాంగ్ జియెన్ రాజును పొలాలు, ఇళ్లు ఇమ్మని పదేపదే అడిగాడట, అంత సైన్యం చేతిలో ఉన్నవాడికి రాజ్యం మీద కన్ను లేదని రాజు నమ్మాలని. క్రీ.పూ. 221లో ఆ ఛిన్ రాజు కిందే చైనా ఏకమైంది. ఇంత పెద్ద కథలో లీ షిన్ బాల్యం గురించి చరిత్ర ఏమీ చెప్పలేదు, అందుకే మాంగా రచయిత అక్కడ ఒక అనాథ బానిస పిల్లవాణ్ణి నిలబెట్టగలిగాడు. చరిత్ర మాట్లాడకుండా వదిలిన చోటు ఎక్కడుందో చూపించు, కల్పన ఎందుకు అక్కడే పుట్టిందో పాఠకుడికి తెలుస్తుంది.

అపోతెకరీ డైరీస్ అనే అనిమే విషయంలో నువ్వు తొందరపడ్డావు. "తాంగ్ వంశకాలపు కథ" అని ముగించేశావు. ఆ రచయిత్రి కావాలనే లీ అనే కల్పిత దేశాన్ని సృష్టించుకుంది. బట్టలు చూసి నువ్వు తాంగ్ అన్నావు, కాని కథానాయిక మావోమావో ఒకచోట కోకోతో మిఠాయి చేస్తుందే! తాంగ్ వంశం 907లో అంతమైంది. కోకో అమెరికా ఖండాల పంట, అది మిగతా ప్రపంచానికి అందింది పదహారో శతాబ్దం నుంచే. చూసినదాన్ని ఒక రాజవంశం డబ్బాలో వేసి మూత పెట్టేముందు వంటగదిలోకి ఒకసారి తొంగిచూడాలి. నిజంగా చరిత్ర బరువున్నది మొదటి కేసులో ఉంది: అంతఃపుర స్త్రీలు మొహానికి రాసుకునే తెల్ల పొడిలోని సీసం పసిబిడ్డలను చంపుతోందని ఆమె కనిపెట్టి, చించిన గుడ్డపీలిక మీద హెచ్చరిక రాసి పూలకొమ్మకు కట్టిపెడుతుంది. ఒక రాణి ఆ మాట వింటుంది, ఇంకో రాణి వినదు. ఆ గుడ్డపీలిక గురించి ఒక పేరా రాయి, వంశాల పేర్లు కొట్టెయ్యి.

డ్రాగన్ బాల్ నాయకుడు గోకు దగ్గర నువ్వు చేసిన తప్పు నేనూ నీ వయసులో చేశాను. "జపాన్ ఆంజనేయుడు" అని శీర్షిక పెట్టి ఒక వారపత్రికకు రాస్తే, ఎవరో పాఠకుడు పోస్టుకార్డు మీద నాలుగే వాక్యాల్లో నా గాలి తీసేశాడు. గోకుకు మూలమైన సున్ వుకాంగ్ అనే చైనా పురాణకథల కోతికి హనుమంతుడే మూలమని చైనా పండితుడు హూ షీ అన్నాడు, కాదు చైనా నీటి రాక్షసుడు వుఝిఛి మూలమని రచయిత లూ షున్ అన్నాడు. ఇంత పెద్దవాళ్లు వాదించుకున్న విషయాన్ని ఒక శీర్షికతో తేల్చేయడానికి నేనెవర్ని? తెలుగు పాఠకుడికి లంకె కావాలంటే బలవంతపుది అక్కర్లేదు, నిజమైనది ఉంది. ఆ కోతి ఎవరి వెంట నడిచిందో ఆ భిక్షువు, షువాన్‌జాంగ్ (మన పుస్తకాల్లో హ్యూయెన్‌త్సాంగ్), ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చాడు. అక్కడ విన్న కథను తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు: భావవివేకుడనే బౌద్ధ ఆచార్యుడు రాబోయే మైత్రేయ బుద్ధుణ్ణి కళ్లారా చూడాలని మూడేళ్లు మంత్రం జపించి, మంత్రించిన ఆవాలు కొండరాతి మీద కొడితే రాయి విచ్చుకుంది. లోపల అసురుల నివాసం. వెనక ఉన్న జనం అది విషసర్పాల బిలమని బెదిరి ఆగిపోయారు, ఆరుగురు మాత్రం ఆయన వెంట లోపలికి వెళ్లారు, రాయి మూసుకుపోయింది. మన కృష్ణ ఒడ్డున పుట్టిన ఈ కథ కన్నా గుబులు పుట్టించే ముగింపు నువ్వు పేర్కొన్న హారర్ సినిమాల్లో ఎన్నింటిలో ఉందో నాకు చెప్పు.

జపాన్ రచయిత్రి ఓనో ఫుయుమి పేరును ఒక్క వాక్యంలో తేల్చేశావు, అది మాత్రం అన్యాయం. నీ వ్యాసానికి ఇరుసు ఆమే. 2002లో అనిమేగా వచ్చిన ఆమె "పన్నెండు రాజ్యాలు"లో కిరిన్ అనే దివ్యమృగం రాజును ఎంచి అతని ముందు మోకరిల్లుతుంది. రాజు దారి తప్పితే కిరిన్ జబ్బుపడుతుంది, కిరిన్ చస్తే రాజూ చస్తాడు. రాజుకు అధికారం ఆకాశం ఇస్తుంది, అతను చెడితే తీసుకుంటుందన్న ప్రాచీన చైనా ఝౌ వంశకాలపు సిద్ధాంతాన్ని ఆమె ఒక మృగం ఒంట్లో జ్వరంగా మార్చింది. అదే చేత్తో ఆమె "షికి" అనే హారర్ నవల కూడా రాసింది, 1998లో. 2010లో అదీ అనిమే అయింది. ఆ కథ జరిగే పల్లె పేరు సొతోబా, అంటే సమాధుల దగ్గర నిలిపే చెక్క పలక. ఆ మాట మన "స్తూపం" నుంచే చైనా మీదుగా జపాన్ చేరింది. ఆ ఊళ్లో శవాలను ఇంకా మట్టిలోనే పాతిపెడతారు కాబట్టే చచ్చినవాళ్లు లేచి వస్తారు. శవసంస్కారపు ఆచారం ఒక్కటి కథను మొత్తం మోస్తోంది.

ఇక ఎదురుచూపు సంగతి. నువ్వు రాసినది ప్రచారకర్తల మాటలకు నకలు: "వెన్నులో వణుకు", "ఊహించని మలుపులు". వాళ్ల సినిమా వాళ్లు అమ్ముకుంటారు, నీకెందుకు ఆ కూలి? ఒకప్పుడు నేను ఒక పోస్టరులోని బావిని, తడి జుట్టును చూసి, 1998 నాటి జపాన్ హారర్ సినిమా "రింగు"ను తలచుకొని, రాబోయే సినిమా కథంతా ఊహించి రాసేశాను. అది విడుదలైతే హాస్యచిత్రం. నెల రోజులు మిత్రులకు మొహం చూపించలేకపోయాను.

ఎదురుచూపు గురించి రాయకూడదని నేననడం లేదు. తెలిసిన నేల మీద నిలబడి రాయమంటున్నాను. ఉదాహరణకు, చైనా ప్రధాన భూభాగం నుంచి రాబోయే హారర్ సినిమా అయితే, దెయ్యం నిజంగా ఉందని చూపించే కథకు అక్కడ సెన్సారు అనుమతి దొరకడం కష్టం, అందుకే అక్కడి సినిమాల్లో చాలా వాటిలో చివరికి అదంతా కలో, భ్రమో, మనిషి చేసిన మోసమో అని తేలుతుంది. ఇది తెలిసినవాడు "దెయ్యం ఎలా ఉంటుంది" అని ఎదురుచూడడు, "దెయ్యం లేదని ఎంత తెలివిగా చెబుతారు" అని ఎదురుచూస్తాడు. తైవాన్ దారి వేరు; 2019లో వచ్చిన "డిటెన్షన్" 1962 నాటి సైనికచట్టపు రోజుల్లో నిషిద్ధ పుస్తకాలు చదివిన పిల్లల బడిని దెయ్యాల కొంపగా చూపించింది, అక్కడ భయం పేరు ప్రభుత్వం. హాంగ్‌కాంగ్ నుంచి 1985లో వచ్చిన "మిస్టర్ వాంపైర్"లో గెంతుకుంటూ వచ్చే శవాల ఒంటి మీద చైనా చివరి రాజవంశం ఛింగ్ కాలపు అధికారుల దుస్తులుంటాయి, నుదుటి మీద మంత్రపు కాగితం ఉంటుంది. జపాన్ పిల్లలు వాటిని క్యోన్షీ అని పిలుస్తూ కొన్నాళ్లు పిచ్చెక్కిపోయారు. ఎన్చో కథలో తలుపు మీద ఉన్న కాగితమే ఇక్కడ నుదుటి మీదికి వచ్చిందని నీకు అనిపించిందా? తరువాతి సినిమాలో ఆ కాగితం ఎక్కడ అంటిస్తారు, ఎవరు పీకుతారు అన్నదే నా ఎదురుచూపు. అలాంటి ప్రశ్న అడిగిన వ్యాసం సినిమా విడుదలయ్యాక కూడా బతుకుతుంది. విడుదల తేదీ చుట్టూ తిరిగిన వ్యాసం తేదీ వాయిదా పడ్డ రోజే చస్తుంది.

మన పాఠకులకు ఇవన్నీ దూరం అనుకోకు. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్ అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకు వచ్చింది. కుర్రవాళ్లు చూసేశారు, వాళ్లకు చూసింది ఏమిటో చెప్పేవాళ్లు కావాలి. పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. సున్ వుకాంగ్, సొన్ గోకు రెండూ ఒకే మూడు అక్షరాలు. చైనావాళ్లు ఒకలా, జపాన్‌వాళ్లు ఇంకోలా పలుకుతారు. ఆ పేరుకు అర్థం శూన్యాన్ని గ్రహించినవాడని. ఒక్కసారి చెప్పి, ఆ తరువాత ఒకే పలుకుబడికి కట్టుబడు. నువ్వు ఒకే పేజీలో మూడు రకాలుగా రాశావు.

నీ ప్రతిని ఈ ఉత్తరంతోపాటు తిప్పి పంపుతున్నాను. మొదటి రెండు పేజీలు పూర్తిగా కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. నాలుగో పేజీలో చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో కరెంటు పోయిన రాత్రి షికి చూస్తూ, పెరట్లో చెప్పుల చప్పుడు విని ల్యాప్‌టాప్ మూసేశానని రాశావు కదా, దాని పక్కన పెద్ద టిక్కు పెట్టాను. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టి, ఆ చప్పుడు నుంచి ఎన్చో చెక్క చెప్పుల దగ్గరికి వెళ్లు. సంక్రాంతి లోపు కొత్త ప్రతి పంపగలిగితే చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి