కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? ఎనిమిదో తరగతి అమ్మాయికి ఎలా చెప్పాలి?

కుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయని అడిగితే మీ అమ్మాయి "బాష్పీభవనం వల్ల" (అంటే నీరు ఆవిరవడం వల్ల) అని ఆగిపోతోందని రాశారు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతానండి. చాలామంది పిల్లలు అక్కడే ఆగుతారు. తప్పు వాళ్లది కాదు, ఆ ఒక్క మాటకే మనం మార్కులు వేసేస్తున్నాం.

నేను క్లాసులో పదిమందిని నిలబెట్టి సగటు ఎత్తు లెక్క కట్టిస్తాను. బాగా పొడుగున్న ఇద్దరిని బయటికి పంపి మళ్లీ కట్టమంటాను. సగటు తగ్గుతుంది, కానీ మిగిలినవాళ్లెవరూ పొట్టివాళ్లు కాలేదు. నీటి అణువులూ అంతే, అన్నీ ఒకే వేగంతో కదలవు. పైపొరలో బాగా జోరుగా ఉన్నవి పక్కవాటి పట్టు విడిపించుకుని గాలిలోకి పోతాయి. మిగిలినవాటి సగటు శక్తి తగ్గుతుంది. నీళ్లు చల్లబడడమంటే అదే.

ఒకసారి ఒక అమ్మాయి, "మరి స్టీలు బిందెలో నీళ్లూ ఆవిరవుతాయి కదా సార్?" అంది. ఎంత మంచి ప్రశ్నో! బిందెలో నీళ్లకు గాలి తగిలేది మూతి దగ్గరే. కుండకు ఒళ్లంతా సన్నని రంధ్రాలు, అందుకే ఒళ్లంతా తడి.

లెక్క కూడా చేయించండి. మామూలు ఎండాకాలపు వేడిలో ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీలు కావాలి (పుస్తకంలో ఉండే 540, 100 డిగ్రీల దగ్గర మరిగే నీటికి). 10 లీటర్ల కుండలోంచి 100 గ్రాములు, అంటే అరగ్లాసు ఆవిరైతే 58,000 కేలరీలు. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కేలరీ ఇస్తుంది, 10 లీటర్లంటే 10,000 గ్రాములు; కాబట్టి ఆ వేడంతా లోపలి నీళ్లే ఇస్తే దాదాపు 6 డిగ్రీలు తగ్గాలి. బయటి నుంచి కొంత వేడి తిరిగి చేరుతుంది కాబట్టి నిజంగా తగ్గేది ఇంకా తక్కువ.

విశాఖ ఉక్కపోతలో కుండ అంతగా పనిచేయకపోవడానికీ, అక్కడ చెమట ఆరకపోవడానికీ కారణం ఒకటే: గాలిలో అప్పటికే తేమ ఎక్కువ. పాత కుండ చల్లదనం తగ్గేది మాత్రం నీటిలోని లవణాలు రంధ్రాల్లో పేరుకుపోయి.

ఇంట్లో రెండు సీసాల్లో ఒకే నీళ్లు పోసి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను కింద పెట్టండి. అరగంటకు కొలవమనండి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, దాని అంకెలు 35 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. స్కూలు ల్యాబ్‌లో ఉండేది అడిగి తెచ్చుకోండి.