డేటా సైన్స్ సంగతి తర్వాత, ముందు ఆ మైనస్ గుర్తు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. సంభావ్యత లెక్కలంటే భయం. బీజగణితంలోనూ చిన్న తప్పులు. నోటుపుస్తకంలో ఒక పేజీ పంపుతున్నాను. బీటెక్ డేటా సైన్స్‌లో చేర్పించాలని మా ఆశ. షార్ట్‌కట్ల కోచింగ్ పెట్టించాలా? బీఎస్సీ స్టాటిస్టిక్స్ కంటే బీటెక్కే మేలు కదా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ, లెక్కలు రాని పిల్ల ఈ రంగంలో నెగ్గుకురాగలదా అన్నదే మీ దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. పేజీ చూశాను. ఆమెకు లెక్కలు వచ్చు, మధ్య వరుసలు మింగేస్తోంది, అంతే.

3 − 2(ఎక్స్ − 4) = 5 అన్న సమీకరణానికి −5 అని రాసింది. −2తో −4ను గుణిస్తే +8 రావాలి, ఆమె −8 వేసింది. 3 − 2ఎక్స్ + 8 = 5 అని ఒక్క వరుస రాసి ఉంటే 2ఎక్స్ = 6, ఎక్స్ = 3 అని తేలేది. ఆ 3ను మొదటి వరుసలో పెట్టి సరిచూసుకోవడం కూడా అలవాటు చేయాలి.

రెండు పాచికలు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యతను 1/6, 1/6 కూడి 12/36 అంది. రెండింటిపైనా ఆరు పడే సందర్భం అందులో రెండుసార్లు లెక్కకొచ్చింది. ‘కనీసం’ అని కనిపిస్తే ముందు అసలు పడకపోవడాన్ని లెక్కగట్టాలి: 5/6 × 5/6 = 25/36. ఒకటిలోంచి తీసేస్తే 11/36. నమ్మకం కుదరకపోతే 36 గళ్లు గీసి జతలన్నీ రాయమనండి. ఆరు ఉన్న గళ్లు పదకొండే ఉంటాయి.

అదే పేజీ అంచున ఎర్ర సిరాతో ‘ఇంత సులువైనదీ రాదా?’ అని ఉంది. ఆ రాత మీదే అయితే, దయచేసి ఇక రాయకండి. అలాంటి మాట పడిన పిల్ల తప్పు దొరక్కుండా వరుసలు దాచడమే నేర్చుకుంటుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు కాబట్టి వేగం కావాలి, కాదనను. కానీ ఆమె −8 దగ్గర చేసినలాంటి పొరపాట్లకు వచ్చే జవాబులే ఆప్షన్లలో కాచుకుని ఉంటాయి. షార్ట్‌కట్లు ఇప్పుడే వద్దు.

ఇక డేటా సైన్స్. ఆ పేరు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. చాలా కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ పాఠాలకే నాలుగు కొత్త పేపర్లు చేర్చి బోర్డు మార్చారనిపిస్తుంది. చేరేముందు సిలబస్ తెప్పించుకోండి. సంభావ్యత, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో, వాటిని ఎవరు చెబుతారో అడగండి. జవాబు నసిగితే ఆ సీటుకు లక్షలు పోయకండి. బీఎస్సీ స్టాటిస్టిక్స్‌ను చిన్నచూపు చూడకండి. ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివినవారే. అందరూ ఆయనంతటివారు కాలేరు, నిజమే. కానీ మంచి కళాశాలలో బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ చేస్తే, పేరుకు మాత్రమే డేటా సైన్స్ ఉన్న బీటెక్ కంటే పునాది గట్టిగా పడుతుంది. పైగా ఖర్చూ తక్కువే.

ఇప్పటికిప్పుడు తేల్చుకోవలసిన పని లేదు. ఎప్‌సెట్ రాయించండి, డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక ‘దోస్త్’లో బీఎస్సీకీ దరఖాస్తు పెట్టించండి. కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా మనసు మార్చుకోవచ్చు. ఈలోపు రోజుకు మూడు లెక్కలు చాలు, ప్రతి వరుస పక్కన కారణం రాస్తూ చేయాలి. ఆ నోటుపుస్తకం మాత్రం ఆమె చూపిస్తేనే చూడండి.