వ్యాన్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: అన్నగారూ, గ్రాడ్యుయేట్ వీసా మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాను. ఒకాయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా కిటికీలు శుభ్రం చేసే పని మొదలుపెట్టాను. పాత వ్యాన్, 350 లీటర్ల ట్యాంకు, పొడవాటి పోల్ కొన్నాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. గ్యాస్‌తో నీళ్లు వేడి చేసుకుంటే పని కూడా త్వరగా అవుతుందని తోటివాళ్లు అంటున్నారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే క్యాంపింగ్ గీజర్ ఒకటి చూశాను. తీసుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, వేడినీళ్ల ఆలోచన తప్పు కాదు. ఆ గీజర్ మాత్రం వద్దు.

ముందు వేడి వల్ల ఒరిగేదెంతో చూద్దాం. మీ పోల్ చివర బ్రష్ నుంచి వచ్చే నీళ్లు అద్దాన్ని తుడవకుండానే మచ్చ లేకుండా ఆరనిస్తున్నాయంటే అది వేడి గొప్పతనం కాదు, నీటి శుద్ధి గొప్పతనం. రెడింగ్ కుళాయి నీళ్లు సున్నంతో నిండిన నీళ్లు. మన ఊళ్లో బోరు నీళ్లు ఆరాక బకెట్ల మీద తెల్లగా మిగిలే చారలే ఇక్కడ అద్దాల మీదా మిగులుతాయి. అందుకే ఆర్వో ఫిల్టరు, ఆపైన మిగిలిన లవణాలను పట్టేసే రెజిన్ గుళికలు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా దగ్గర ఉన్నంతవరకు చన్నీళ్లైనా అద్దం మెరుస్తుంది. వేడినీళ్లు నిజంగా అక్కరకొచ్చేది పక్షి రెట్టలు, సాలెపురుగు మరకలు, వంటగది కిటికీల జిడ్డు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఇంటి మొదటి కడుగు దగ్గర. నెల నెలా వెళ్లే ఇళ్లలో తేడా కొద్దిగానే ఉంటుంది. అయితే గడ్డకట్టే ఉదయాల్లో హోస్ మెత్తగా ఉంటుంది, చేతులకు కాస్త ప్రాణం వస్తుంది. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను.

ఇక ఆ గీజర్ సంగతి. మన దగ్గర గాలి ఆడని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్ పెట్టుకుని మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. చంపింది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వ్యానూ స్నానాల గదిలాగే ఇరుకు. మీరు చూసిన క్యాంపింగ్ పరికరం ఆరుబయట చెట్టుకో గోడకో తగిలించుకునేందుకు చేసింది. దాని పొగ పైభాగం నుంచి నేరుగా గాలిలో కలుస్తుంది. వెనక తలుపు తెరిచే ఉంచుతాను కదా అంటారు. జోరున వాన పడుతుంటే ఆ తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వ్యాన్‌లో పెట్టే హీటర్‌కు మండటానికి గాలి బయటి నుంచి రావాలి, పొగ గొట్టం గుండా బయటికే పోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాలి.

రెండో ప్రమాదం లీకు. సిలిండర్‌లోని ప్రొపేన్ గ్యాస్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోదు, వ్యాన్ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. మీ పంపు, బ్యాటరీ, స్విచ్చులు ఉన్నదీ అక్కడే. అందుకే సిలిండర్‌కు విడిగా మూసిన అర, దాని నేలలో కారిన గ్యాస్ బయటికి జారే రంధ్రాలు ఉండాలి. సిలిండర్ నిలువుగా, పట్టీతో బిగించి ఉండాలి. బండి కదిలే ముందు వాల్వు మూసేయాలి. ఇంకో మాట, నీలం సిలిండర్ బ్యూటేన్ చవకగా దొరికినా తీసుకోవద్దు. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, అంటే మీకు అవసరమైన రోజునే పనిచేయదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అది సాధారణంగా ఎర్ర సిలిండర్‌లో వస్తుంది.

ఇప్పుడు మీ తోటివాళ్లు చెప్పని లెక్క ఒకటి. ఇళ్ల కోసం, క్యాంపింగ్ కోసం చేసిన గీజర్ షవర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. చాలావాటికి నిమిషానికి రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు పారితే గాని మంట వెలగదు. మీ బ్రష్ తాగేది 2 లీటర్లకు అటూ ఇటూ. అంటే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఎలాగో వెలిగిందే అనుకోండి, 2 లీటర్ల ప్రవాహంలోకి 8 కిలోవాట్ల వేడి ఎక్కితే నీరు 57 డిగ్రీలు పెరుగుతుంది. చలికాలంలో 7 డిగ్రీలతో వచ్చిన నీరు 64తో బయటికొస్తుంది! హోస్ మెత్తబడి అతుకులు ఊడతాయి, చెయ్యి కాలుతుంది. మంచు పట్టిన అద్దం మీద పడితే, అంచున చిన్న పెచ్చు లేచి ఉన్న గాజు పగలవచ్చు. ఆ అద్దం ఖరీదు మీదే. కాబట్టి తక్కువ ప్రవాహానికి తగ్గట్టు మంటను తగ్గించుకోగల హీటర్, ఈ పనికే చేసినది కావాలి. బ్రష్ దగ్గర నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మధ్యలో నీళ్లు ఆపి మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చే నీరు బాగా కాగి ఉంటుంది, దాన్ని నేల మీదికి వదిలేయండి.

కొందరు వేడెక్కిన నీటిలో కొంత తిరిగి ట్యాంకులోకి పంపుతారు. నాకది నచ్చదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీరు న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా క్రిములు పెరగడానికి అనువైనది. మీరేమో దాన్నే రోజంతా తుంపర్లుగా చల్లుతూ దగ్గరే నిలబడతారు. వేడి చేసేది ఎప్పుడూ శుద్ధి తర్వాతే. ఆర్వో పొర వేడిని తట్టుకోలేదు.

అమర్చడం మాత్రం మీరూ మీ స్నేహితుడూ వీడియో చూసి చేసే పని కాదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనికి అనుమతి ఉన్నవారి జాబితాలో, ఉన్న మనిషిని పిలిచి, ఆయన గుర్తింపు కార్డు వెనక్కి తిప్పి చూడండి. ఏయే పనులకు అర్హత ఉందో అక్కడ రాసి ఉంటుంది. ఇళ్లలో బాయిలర్లు బిగించే అందరికీ వాహనాల్లో ఎల్పీజీ పని చేసే అర్హత ఉండదు. ఆయనిచ్చే కాగితం దాచుకోండి. వ్యాన్ బీమా కంపెనీకి, మీ పని వల్ల ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే పబ్లిక్ లయబిలిటీ బీమా ఇచ్చినవారికి గ్యాస్ పెట్టిన సంగతి రాతపూర్వకంగా తెలపండి. చెప్పకపోతే, ప్రమాదం జరిగిన రోజున వాళ్లకు దొరికే మొదటి సాకు అదే. వ్యాన్ మోయగల బరువు కూడా చూసుకోండి. 350 లీటర్ల నీళ్లే 350 కిలోలు, ఆపైన ట్యాంకు, హీటర్, సిలిండర్, మీరు.

గ్యాస్ ఖర్చు అంత భయపెట్టేది కాదు. నిమిషానికి 2 లీటర్లను 40 డిగ్రీలకు తెచ్చుకుంటే 6 కిలోల సిలిండర్ నీళ్లు పారినంతసేపు లెక్కన పది పన్నెండు గంటలైనా వస్తుంది. భారమంతా పరికరం, అమరిక దగ్గరే. డీజిల్ హీటర్లు కూడా ఉన్నాయి. వాటిలో సిలిండర్ బెడద లేదు కానీ పొగ బయటికి పోవాల్సిందే, కొనేటప్పుడు ధరా ఎక్కువే.

మీ వీసాలో సొంత వ్యాపారానికి అడ్డు లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్న మీ స్నేహితులను మాత్రం ఇందులో భాగస్వాములుగా చేర్చుకోకండి, వారానికి 20 గంటల లోపే అయినా వాళ్లు సొంత వ్యాపారం చేయకూడదు. ఖర్చులు తీయకముందు రాబడి పన్ను సంవత్సరంలో 1,000 పౌండ్లు దాటితే, ఆ సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబరు 5 లోపు పన్ను శాఖలో నమోదు కావాలి. ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకున్నారా?

నన్నడిగితే ఈ చలికాలం హీటర్ లేకుండానే గడపండి. లోపల ఉన్ని, పైన నీళ్లు చొరబడని రబ్బరు పొర ఉన్న చేతితొడుగులు రెండు జతలు కొనుక్కుని, ఒకటి తడిస్తే రెండోది మార్చుకోండి. రాత్రి వ్యాన్‌లో పంపు, ఫిల్టర్లు గడ్డకట్టకుండా చిన్న కరెంటు ట్యూబు హీటర్ పెట్టండి. గడ్డకట్టిన ఆర్వో హౌసింగ్ పగిలితే గీజర్ కోసం దాచిన డబ్బు అటే పోతుంది. వసంతం వచ్చేసరికి మీ దగ్గర ఎన్ని నెలవారీ ఇళ్లు నిలిచాయో, ఎన్ని మొదటి కడుగులు వస్తున్నాయో తెలుస్తుంది. మొదటి కడుగులే ఎక్కువైతే అప్పుడు హీటర్ ధరలు కనుక్కోండి, అమర్చేవాళ్లకూ వేసవిలోనే తీరిక ఉంటుంది.